జింకలకూ ఒక దారి ఉంది

ఎండాకాలం వచ్చేసరికి నాలుగు రోజులు ఏ ఊటీకో, అరకులోయకో వెళ్ళివస్తే బాగుండునని మనలో చాలామందికి అనిపిస్తుంది. అనిపించటమే గాని, పిల్లల పరీక్షలూ, రైలు టిక్కెట్లూ, ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యమూ ఇవన్నీ చూసుకునేసరికి ఎండాకాలం కాస్తా వెళ్ళిపోతుంది. ఇవాళ నేను చెప్పబోయేది ప్రతి ఏడూ తప్పకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా, వేసవికి కొండల మీదికీ చలికాలానికి కింది మైదానాలకీ కాలినడకన వెళ్ళివచ్చే జీవుల సంగతి. అమెరికా దేశపు పడమటి రాష్ట్రాల్లో ఉండే జింకల సంగతి. అవి వెళ్ళేది షికారుకు కాదు, కడుపు కోసం. ఆ ప్రయాణం ఆగిపోతే ఆ మందలు నిలవవు. అందుకని అక్కడి శాస్త్రజ్ఞులు ఆ దారులన్నిటినీ వెదికి వెదికి పటాల మీదికి ఎక్కిస్తున్నారు.

"అమెరికాలో జింకలు ఎటు పోతే మనకేమిటండీ, ఇక్కడ కుక్కరు మూడు కూతలు కూసింది" అంటారేమో. ఇప్పుడు మనలో ఎంతమంది ఇళ్ళల్లో కొడుకో కూతురో ఆ దేశంలో లేరు? సెలవులకు యెల్లోస్టోన్ పార్కు చూసి వచ్చామని ఫొటోలు పంపిస్తుంటారు గదా. ఆ పార్కు చుట్టుపక్కల జరిగే కథే ఇది. పైగా ఇందులో తల్లులకు సంబంధించిన విషయం ఒకటుంది. అది మీకు తప్పకుండా నచ్చుతుంది.

ముందు ఆ జంతువులేవో చూద్దాం. మూడు జాతులు ముఖ్యం. మొదటిది మ్యూల్ డీర్. మ్యూల్ అంటే కంచరగాడిద. చెవులు అలా పెద్దవిగా ఉంటాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. రెండోది ఎల్క్. మన అడవుల్లోని కణుజు కంటే పెద్దది. మగది మూడువందల కిలోల దాకా తూగుతుంది. మూడోది ప్రాంగ్‌హార్న్. దీన్ని అక్కడివాళ్ళు వాడుకలో యాంటిలోప్ అంటారు గాని, నిజానికి ఇది అసలైన జింకా కాదు, మన కృష్ణజింక జాతీ కాదు. దాని వంశంలో మిగిలిన ఒకే ఒక్క జాతి ఇది. బతికి ఉన్నవాటిలో దీనికి దగ్గర చుట్టం ఎవరయ్యా అంటే జిరాఫీ! దీని కొమ్ముకు లోపల ఎముక అలాగే ఉండి, పైతొడుగు మాత్రం ఏటేటా ఊడిపడి మళ్ళీ వస్తుంది. గంటకు దాదాపు 90 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. ఆ దేశంలో ఇవాళ దాన్ని అంత వేగంగా తరమగల మృగమే లేదు. ఎప్పుడో వేల ఏళ్ళ కిందట అంతరించిపోయిన చీతా వంటి మృగం వెంటపడిన రోజుల్లో నేర్చిన పరుగు ఇంకా మరిచిపోలేదని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ. ఇంత పరుగు వచ్చిన జంతువుకు నాలుగడుగుల కంచె దూకటం అలవాటు లేదు. ఎంత చిత్రమో చూడండి. ఆ కంచెల సంగతి కొంచెం ఆగి చెబుతాను. మాటల్లో సులువుగా ఉంటుందని మూడింటినీ కలిపి జింకలనే అంటాను.

ఇక చోటు. వయోమింగ్ అని ఒక రాష్ట్రం ఉంది. వైశాల్యం రెండున్నర లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌కు ఒకటిన్నర రెట్లు. జనాభా మాత్రం ఆరు లక్షలు కూడా లేదు. మన వరంగల్లు నగరంలో ఉన్నంతమంది కూడా లేరన్నమాట. ఒకవైపు మంచు కప్పిన కొండలు, ఇంకోవైపు ఎత్తయిన ఎడారి. ఆ ఎడారి పేరు రెడ్ డెజర్ట్. అక్కడ సేజ్‌బ్రష్ అనే బూడిదరంగు పొద తప్ప పెద్దగా ఏమీ పెరగదు. శీతాకాలంలో కొండల మీద మనిషి లోతు మంచు పడుతుంది. ఆ మంచులో జింక నడవలేదు, గడ్డి తవ్వుకోలేదు. అందుకని చలి మొదలవగానే కిందికి దిగి, గాలికి మంచు కొట్టుకుపోయే ఆ ఎడారి నేలకు వస్తుంది. అక్కడ దొరికే పొదల ఆకు కొరుకుతూ, వేసవిలో ఒంట్లో దాచుకున్న కొవ్వును కొంచెం కొంచెంగా ఖర్చుపెట్టుకుంటూ వసంతం దాకా ఎలాగో నెట్టుకొస్తుంది. నెలాఖరుకు మనం డబ్బాలు తిప్పి తిప్పి సరిపెట్టుకొచ్చినట్టే.

మరి వసంతం రాగానే ఒక్కసారిగా కొండెక్కిపోకూడదా? అక్కడే ఉంది కిటుకు. మీరు బజారులో బెండకాయలు కొనేటప్పుడు ఏం చేస్తారు? కొన విరిచి చూస్తారు. పుటుక్కున విరిగితే లేతది, వంగితే ముదురు. ముదురు బెండకాయ పీచు తప్ప ఏమీ ఉండదు. తోటకూరైనా అంతే, లేత కాడ రుచి ముదురు కాడకు రాదు. జింకలదీ అదే లెక్క. అప్పుడే మొలిచిన గడ్డిలో మాంసకృత్తులు ఎక్కువ, పీచు తక్కువ, తేలిగ్గా అరుగుతుంది. రెండు మూడు వారాలు గడిస్తే అదే గడ్డి ముదిరిపోతుంది. మంచు ముందు పల్లంలో కరుగుతుంది, తరవాత కొంచెం ఎత్తులో, ఆ తరవాత ఇంకొంచెం ఎత్తులో. ఆ ప్రకారంగానే లేతగడ్డి పల్లం నుంచి కొండ దాకా ఒక పచ్చని అలలాగా పైకి పాకుతుంది. జింకలు ఆ అల మీద తేలుతున్నట్టు, తొందరపడకుండా, వెనకబడకుండా, గడ్డి ఎక్కడ లేతగా ఉంటే అక్కడికి చేరుతూ నెల, రెండు నెలలు నడుస్తాయి. అక్కడి శాస్త్రజ్ఞులు కూడా దీన్ని పచ్చని అల అనే పిలుస్తారు. ఆకాశం నుంచి ఉపగ్రహాలు తీసే చిత్రాల్లో నేల ఏ రోజుకు ఎంత పచ్చబడిందో తెలుస్తుంది. మన హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం వాళ్ళు పంటలు ఎలా ఉన్నాయో, కరువు ఎక్కడ ఉందో అంచనా కట్టేది కూడా ఇలాంటి పచ్చదనపు లెక్కతోనే. ఆ చిత్రాలనూ జింకల నడకనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ అతికినట్టు సరిపోయాయి.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు లెండి. మహబూబ్‌నగర్ వైపు గొల్లలు, కురుమలు గొర్రెల మందలు తోలుకుని మేత ఉన్నచోటికి నెలల తరబడి వలస పోతారు గదా. దారిలో రైతులు పిలిచి తమ పొలాల్లో మంద కట్టించుకుంటారు. ఏ నెలలో ఏ ఊరి బీడు పచ్చగా ఉంటుందో, ఏ వాగులో నీళ్ళుంటాయో ఆ కాపరికి తాత చెప్పిన జ్ఞాపకమే పటం. తేడా ఏమిటంటే, జింకల మందకు కాపరి లేడు. దారి చూపించేది మందలోని పెద్ద ఆడజింకలు.

ఈ దారులు కొన్ని తరాలుగా వేటగాళ్ళకూ, ఆ నేల మీద మొదటి నుంచీ ఉన్న షోషోనీల వంటి ఆదివాసులకూ తెలుసు. పశువుల కామందులకూ కొంత తెలుసు. కాని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, మధ్యలో ఎక్కడ ఎన్నాళ్ళు ఆగుతుంది అన్నది ఎవరికీ పూర్తిగా తెలియదు. ఎలా తెలుస్తుంది? రాత్రింబవళ్ళు రెండు నెలల పాటు జింక వెనక నడిచేవాళ్ళెవరు?

1970లో ఒక సరదా ప్రయత్నం జరిగింది. క్రెయిగ్‌హెడ్ సోదరులని పేరుపొందిన జంతుశాస్త్రజ్ఞులు ఇద్దరు, అంతరిక్ష సంస్థ నాసా సాయంతో, ఒక ఆడ ఎల్క్ మెడకు ఉపగ్రహంతో మాట్లాడే యంత్రం కట్టారు. ఆ ఎల్క్‌కు మోనిక్ అని పేరు పెట్టారు. ఆ మెడపట్టీ బరువు పది కిలోలు! మనం బియ్యం సంచీ మెడలో వేసుకుని తిరిగినట్టు. ఇప్పుడు మ్యూల్ డీర్‌కు కట్టే పట్టీ ఒక కిలోకు తక్కువే. గంటకో, రెండు గంటలకో ఒకసారి తాను ఎక్కడ ఉన్నదీ ఉపగ్రహాల సాయంతో లెక్కకట్టి రాసిపెట్టుకుంటుంది. మన ఫోనులో దారి చూపించే జి.పి.యస్. ఉంది చూశారూ, అదే. కొంతకాలం అయ్యాక, ముందే పెట్టిన గడువు ప్రకారం, తనంతట తానే ఊడి కిందపడేట్టు కూడా చేస్తారు.

కట్టటం మాత్రం తేలిక కాదు. చలికాలంలో హెలికాప్టరులో పోయి, పైనుంచి తుపాకీలాంటి సాధనంతో వల విసురుతారు. జింక వలలో పడగానే మనుషులు దిగి కాళ్ళు కట్టి, కళ్ళకు గంతలు కడతారు. కళ్ళు మూస్తే భయం తగ్గి నెమ్మదిస్తుందట. గబగబా బరువు చూస్తారు, రక్తం తీస్తారు. మన ఆసుపత్రుల్లో గర్భిణీలకు చేసే స్కానింగు లాంటిదే దానికీ చేస్తారు. కడుపులో పిల్లలున్నాయా, వీపు మీద కొవ్వు ఎన్ని మిల్లీమీటర్లు ఉంది అని చూస్తారు. పట్టీ కట్టి వదిలేస్తారు. చాలా వరకు ఆడవాటికే కడతారు. మగవాటికి జతకట్టే కాలంలో మెడ ఉబ్బుతుంది, పట్టీ బిగుసుకుంటుంది. అదొక్కటే కాదు, మంద బతుకంతా ఆడవాటి మీదే ఉంది మరి.

ఆ పట్టీ పంపే లెక్కలు కాగితం మీద పెడితే ఒట్టి చుక్కలు. వేలకు వేల చుక్కలు. ముగ్గు తెలిసిన వాళ్ళకు చుక్కలు చూడగానే గీత ఎటు పోవాలో తెలిసిపోతుంది. కాని ఇక్కడ చుక్కకూ చుక్కకూ మధ్య రెండు గంటలు ఉన్నాయి. ఆ రెండు గంటల్లో జింక తిన్నగా నడిచిందో, వాగు చుట్టి వచ్చిందో తెలియదు. అందుకని ఒక్క గీత గీయకుండా, ఈ మధ్యలో ఇది ఎక్కడెక్కడ తిరిగి ఉండటానికి ఎంత అవకాశం ఉంది అని గణితం వేసి, ఒక పట్టీలాగా వెడల్పుగా రంగు పులుముతారు. ఒక్కొక్క జింకకూ ఒక్కొక్క పట్టీ. పదుల కొద్దీ జింకల పట్టీలు ఒకదాని మీద ఒకటి పరిస్తే, ఎక్కువ జింకలు నడిచిన చోట రంగు చిక్కబడుతుంది. అది రాజబాట. పలచగా ఉన్నవి కాలిబాటలు. మధ్యలో ముద్దముద్దగా కనపడేవి మజిలీలు. హాల్ సాయర్ అనే శాస్త్రజ్ఞుడూ, మాథ్యూ కాఫ్‌మన్ అనే ఆయనా 2011లో ప్రచురించిన పరిశోధనలో మ్యూల్ డీర్ తమ వలసకాలంలో నూటికి తొంభైఅయిదు వంతులు ఈ మజిలీల్లోనే గడుపుతాయని తేలింది. నడక అయిదు వంతులే! అంటే వలస అంటే పరుగు కాదు, భోజనాల వరస అన్నమాట. ఈ మజిలీల్లో ఒకచోట ఇళ్ళు కట్టేస్తే, దారి తెరిచే ఉన్నా దారిలో అన్నం లేనట్టే.

అదే 2011లో సాయర్‌గారు రెడ్ డెజర్ట్‌లో కొన్ని ఆడజింకలకు పట్టీలు కట్టారు. అవి ఏడాదంతా ఆ ఎడారిలోనే ఉండే జింకలని అప్పటిదాకా అందరూ అనుకున్నారు. తీరా లెక్కలు చూస్తే చాలావాటి చుక్కలు ఉత్తరాన హోబాక్ అనే కొండలోయలో తేలాయి. ఒకవైపు దూరం 240 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి విజయవాడ ఇంతకు కొంచెం ఎక్కువ. వేల జింకలు ఏటా రెండుసార్లు అంత దూరం నడుస్తుంటే, ఆ దారి పొడుగునా ఉన్న మనుషుల్లో ఒక్కరికీ పూర్తి సంగతి తెలియదు. అవి పోయే దారిలో వంద దాకా కంచెలున్నాయి. రోడ్లున్నాయి, నదులున్నాయి, ఊళ్ళున్నాయి.

ఇంకొక జింక సంగతి చెబితే గాని నాకు తోచదు. దానికి పేరు లేదు, నంబరే, 255. 2016లో రెడ్ డెజర్ట్‌లో దానికి పట్టీ కట్టారు. మిగతావన్నీ హోబాక్‌లో ఆగితే ఇది ఆగలేదు. గ్రాండ్ టీటన్ కొండలు దాటుకుని పక్క రాష్ట్రం ఐడహోలో ఐలండ్ పార్క్ అనేచోటికి చేరింది. 242 మైళ్ళు, అంటే సుమారు 390 కిలోమీటర్లు. మన విజయవాడ నుంచి విశాఖపట్నానికి ఉన్న దూరాన్ని కూడా దాటిపోయింది. మ్యూల్ డీర్‌లో అంత దూరం నడిచినది అప్పటిదాకా నమోదు కాలేదు. ఇంతలో దాని పట్టీ పాడైంది. కబురు లేదు. ఏమైపోయిందో, చచ్చిపోయిందో తెలియదు. 2018 మార్చిలో రెడ్ డెజర్ట్‌లో మామూలుగా జింకల్ని పడుతుంటే వలలో పడ్డవాటిలో పాత పట్టీతో ఉన్న జింక ఒకటి కనపడింది. చూస్తే అదే! వెళ్ళిన దారినే పుట్టింటికి తిరిగి వచ్చినట్టు ఆ ఎడారికే వచ్చింది. కొత్త పట్టీ కట్టి వదిలారు. అది మళ్ళీ ఆ వసంతంలో బయలుదేరి ఐడహోకే పోయింది.

ఆ దారి దానికి ఎవరు చెప్పారు? మొదట్లో నేను చెబుతానన్న తల్లుల విషయం ఇదే. పక్షులకు వలస చాలా వరకు పుట్టుకతో వచ్చే గుణం అంటారు. జింకలకూ అలాగేనా అని బ్రెట్ జెస్మర్ అనే పరిశోధకుడూ, ఆయనతోటివాళ్ళూ చూశారు. వాళ్ళకు ఒక మంచి ఆధారం దొరికింది. ఆ రాష్ట్రాల్లో చాలాచోట్ల కొండగొర్రెలు వేటవల్లా రోగాలవల్లా నశిస్తే, వేరే చోట్ల నుంచి తెచ్చి వదిలారు. ఎప్పటి నుంచో ఉంటున్న మందల్లో నూటికి అరవైఅయిదు నుంచి నూరు దాకా వలస పోతుంటే, కొత్తగా తెచ్చి వదిలినవాటిలో నూటికి తొమ్మిది కూడా పోలేదు. ఇవి కూడా వలస మందల్లో పుట్టినవే, ఆ రక్తమే. కాని కొత్తచోట దారి చూపించే పెద్దలు లేరు. ఏళ్ళు గడిచినకొద్దీ ఒక్కొక్కటి కొంచెం కొంచెం తెలుసుకుని, తల్లి పిల్లకు చూపించి, ఆ పిల్ల మళ్ళీ తన పిల్లకు చూపించి, మంద మొత్తం వలస నేర్చుకోవటానికి కొండగొర్రెలకు నలభై ఏళ్ళు, మూస్ అనే పెద్ద దుప్పులకు తొంభై ఏళ్ళు పట్టిందని లెక్కతేలింది. ఈ పరిశోధన 2018లో 'సైన్స్' అనే పత్రికలో వచ్చింది. మ్యూల్ డీర్ మీద జరిగిన ఇంకొక పరిశోధనలోనూ, అవి అడుగు ఎటు వేయాలన్నది ఎదురుగా కనపడే పచ్చదనం కంటే, కిందటి ఏటి దారి జ్ఞాపకమే ఎక్కువగా నిర్ణయిస్తోందని తేలింది.

మన ఇళ్ళల్లో ఊరగాయ పాళ్ళు ఏ పుస్తకంలో రాసిపెట్టారు? అమ్మ పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాం. మధ్యలో ఒక తరం ఆవకాయ పెట్టటం మానేస్తే తరవాతివాళ్ళు కొలతలతో తంటాలు పడతారు. జింకలకైతే తంటాలు పడటానికి కూడా వ్యవధి ఉండదు, ఒక్క గట్టి చలికాలం చాలు.

అడ్డంకుల సంగతి ఇప్పుడు చెబుతాను. మొదటిది కంచె. ఆ దేశంలో పశువుల మేతభూములకు మైళ్ళ పొడుగునా ముళ్ళతీగ కడతారు. మ్యూల్ డీర్ దూకుతుంది, కాని అలిసిపోయినప్పుడు కాలు పై రెండు తీగల మధ్య మెలిపడి వేలాడి చచ్చిపోతుంది. ప్రాంగ్‌హార్న్ దూకదని చెప్పాను గదా. అది మోకాళ్ళు వంచి కింది తీగ కిందనుంచి దూరిపోతుంది. దూరేటప్పుడు ముళ్ళకు వీపు చర్మం ఒలుచుకుపోతుంది. తీగ మరీ కిందికి ఉన్నా, గొర్రెల కోసం అల్లిన వలకంచె అయినా ఇక అంతే, కంచె పొడుగునా మైళ్ళకొద్దీ అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. దీనికి వైద్యం చాలా తేలిక. కింది తీగను ముళ్ళులేని నున్నటి తీగగా మార్చి నేలకు పదహారు అంగుళాల ఎత్తులో కడితే చాలు. పశువులు బయటికి పోవు, ప్రాంగ్‌హార్న్ లోపల చిక్కుకోదు. అక్కడ చాలామంది కామందులు అలా మార్చుకుంటున్నారు.

రెండోది రోడ్డు. వయోమింగ్‌ను తూర్పు పడమరలుగా చీల్చుకుంటూ 1970 నాటికి పూర్తయిన ఇంటర్‌స్టేట్ 80 అనే పెద్దరోడ్డు ప్రాంగ్‌హార్న్‌లకు దాదాపు గోడ అయిపోయింది. ఉత్తరాన ఉన్నవి ఉత్తరానే, దక్షిణాన ఉన్నవి దక్షిణానే. కొన్ని చోట్ల మాత్రం పటాలు పనికొచ్చాయి. పైన్‌డేల్ అనే ఊరి దగ్గర ట్రాపర్స్ పాయింట్ అని ఒక ఇరుకు సందు ఉంది. రెండు నదుల మధ్య మిగిలిన మెట్టనేల. ప్రాంగ్‌హార్న్‌లూ మ్యూల్ డీర్ కూడా అక్కడి నుంచే దాటాలి. రోడ్డు పని చేసేటప్పుడు అక్కడ తవ్వితే దాదాపు ఆరువేల ఏళ్ళ నాటి వేట గుర్తులు బయటపడ్డాయి. ప్రాంగ్‌హార్న్ ఎముకలు, వాటిలో పుట్టని పిల్లల ఎముకలు కూడా ఉన్నాయి. దాన్నిబట్టి ఆ వేట వసంతకాలంలో జరిగిందని తెలిసింది. అంటే ఆరువేల ఏళ్ళుగా అదే నెలల్లో అదే సందులోంచి నడుస్తున్నాయి! 2012లో అక్కడ రోడ్డు పైన రెండు వంతెనలు, రోడ్డు కింద ఆరు సొరంగదారులు కట్టారు. సుమారు కోటి డాలర్లు ఖర్చయింది. వంతెన మీద మట్టి పోసి గడ్డి పెంచారు. తరవాత కెమెరాలు పెట్టి చూస్తే ప్రాంగ్‌హార్న్‌లు నూటికి తొంభైకి పైగా వంతెన ఎక్కాయి. మ్యూల్ డీర్ నూటికి ఎనభై దాకా కిందనుంచి పోయాయి. ప్రాంగ్‌హార్న్‌కు నాలుగువైపులా దూరందాకా చూపు ఆనాలి, చీకటి సందంటే నమ్మకం లేదు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు రెండు రకాల కూర చేసినట్టు, ఒకే రోడ్డుకు రెండు రకాల దారి కావలసి వచ్చింది.

అంతకుముందే నగెట్ కాన్యన్ అనేచోట ఏడు సొరంగదారులు కడితే మూడేళ్ళలో దాదాపు యాభైవేల సార్లు మ్యూల్ డీర్ వాటిలోంచి నడిచాయి. కార్లు జింకల్ని గుద్దటం అయిదింట నాలుగు వంతులు తగ్గింది. కార్లో ఉన్న మన పిల్లలకు కూడా అది క్షేమమే గదా.

మూడోది అన్నిటికంటే చిక్కుది, భూమిలోంచి గ్యాసు తీసే బావులు. జింకలు వాటికి అలవాటు పడిపోతాయి లెమ్మని కొందరు అన్నారు. పైన్‌డేల్ దగ్గరి గ్యాసు క్షేత్రంలో పదిహేనేళ్ళు గమనిస్తే, అలవాటు పడలేదు. బావులకు దూరదూరంగా మసలుతూనే ఉన్నాయి. జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా అక్కడి మ్యూల్ డీర్ సంఖ్య మూడోవంతుకు పైగా తగ్గింది. దక్షిణాన ఇంకొక క్షేత్రంలో పధ్నాలుగేళ్ళు చూశారు. జింకలు గ్యాసు బావుల అంచుకు వచ్చి ఆగిపోయి, రోజుల తరబడి అక్కడే తచ్చాడుతుంటే పచ్చని అల వాటిని వదిలి కొండెక్కిపోయింది. చివరికి దాటాయి, నిజమే. కాని దాటేసరికి అవతల గడ్డి ముదిరిపోయింది. పటం చూస్తే దారి మూసుకున్నట్టు కనపడదు. నష్టం జింక ఒంట్లో కొవ్వులో కనపడుతుంది.

ఆ కొవ్వు విలువ 2022, 2023 సంవత్సరాల మధ్య వచ్చిన శీతాకాలంలో తెలిసింది. మంచు ఎక్కువ పడి, పైన గడ్డకట్టి, వసంతం ఆలస్యమైంది. వయోమింగ్ రేంజ్ అనే కొండల మందలో పరిశోధకులు పట్టీలు కట్టి గమనిస్తున్న పిల్లజింకలన్నీ చనిపోయాయి. ఒక్కటి మిగలలేదు. పెద్ద ఆడవి కూడా చాలా పోయాయి. పక్కన ప్రాంగ్‌హార్న్‌లకు ఆకలికి తోడు న్యుమోనియా కూడా తగిలింది. ఇక్కడ ఇంకొక లెక్క వేసుకోండి. పెద్ద ఆడజింక ఒకటి పోతే ఒక ప్రాణం పోవటమే కాదు, అది పిల్లకు చూపించవలసిన దారి కూడా దానితో పోతుంది.

ఎల్క్‌ల గురించి ఒక్క మాట. జాక్సన్ అనే ఊరి దగ్గర 1912లోనే వాటికోసం ఒక ఆశ్రయం ఏర్పరిచారు. వాటి చలికాలపు మేతభూముల్లో ఊరూ, పశువుల దొడ్లూ వచ్చేస్తే ఆకలికి చస్తున్నాయని జాలిపడి మేత వేయటం మొదలుపెట్టారు. జాలి మంచిదే. కాని వేల ఎల్క్‌లు ఒకేచోట గుమిగూడి తింటే ఒకదాని రోగం ఇంకొకదానికి అంటుకుంటుందని పశువైద్యులు హెచ్చరిస్తున్నారు. మేత వేయటం కంటే దారి వదలటం చవక అని నాకు తోస్తుంది.

దారి వదలటమంటే ఎలాగో ఫ్రీమాంట్ చెరువు దగ్గర చూశాం. రెడ్ డెజర్ట్ నుంచి హోబాక్ పోయే జింకలు వేలకొద్దీ ఒక చెరువుకూ ఒక ఊరికీ మధ్య ఇరుకు సందులోంచి దాటాలి. ఆ స్థలం ప్రైవేటుది, చెరువు పక్కన ఇళ్ళస్థలాలు వేస్తే మంచి ధర పలికే చోటు. 2014లో ఆ దారి పటమూ, దానిమీద ఉన్న ప్రమాదాల పట్టికా బయటికి వచ్చినప్పుడు అందులో ఈ సందుకే మొదటిస్థానం ఇచ్చారు. ఒక సంస్థ చందాలు పోగుచేసి ఆ 364 ఎకరాలనూ కొని రాష్ట్ర వన్యప్రాణి శాఖకు అప్పగించింది. అడ్డంగా ఉన్న ఎత్తయిన కంచె తీసేశారు. పటం లేకపోతే మూడువందల చిల్లర ఎకరాల మీద 240 కిలోమీటర్ల దారి వేలాడుతోందని ఎవరికి తెలుస్తుంది?

ఆ తరవాత పని పెద్దదైంది. 2018లో అమెరికా ప్రభుత్వం పడమటి రాష్ట్రాల్లో ఈ మూడు జాతుల వలసదారులను గుర్తించాలని ఆదేశం ఇచ్చింది. ఆ దేశపు భూగర్భ పరిశోధన శాఖ రాష్ట్రాల వన్యప్రాణి శాఖలతో, కొన్ని ఆదివాసీ తెగలతో కలిసి 2020 నుంచి ఒకదాని తరవాత ఒకటి పటాల సంపుటాలు వెలువరిస్తోంది. అదే 2020లో వయోమింగ్ గవర్నరు మార్క్ గోర్డన్ మ్యూల్ డీర్, ప్రాంగ్‌హార్న్ దారులను గుర్తించే పద్ధతి మీద ఉత్తర్వు ఇచ్చారు. అందరూ సంతోషించారని చెప్పను. మా భూమిలో గీత గీసి రేపు ఇది చేయకు, అది చేయకు అంటారేమోనని కామందుల భయం. ఆ భయాన్ని కొట్టిపారేయటానికి వీల్లేదు. ఎందుకంటే చలికాలపు మేతలో చాలాభాగం వాళ్ళ భూముల్లోనే ఉంది. వాళ్ళు పశువులు మానుకుని ప్లాట్లు వేసి అమ్ముకుంటే జింకలకు ఇంకా కష్టం. గీత గీసినంతమాత్రాన చట్టం రాదు, చట్టం వచ్చినా కంచె దానంతట అది లేవదు. ఇంటింటికీ పోయి మాట్లాడుకోవలసిన పని అది.

2021లో ప్రపంచం నలుమూలల నుంచి తొంభైమందికి పైగా శాస్త్రజ్ఞులు కలిసి, ఆఫ్రికా, మంగోలియా మొదలైన చోట్ల వలసపోయే గిట్టల జంతువులన్నిటి దారులతో ఒక ప్రపంచ పటం తయారుచేయాలని పూనుకున్నారు. కాఫ్‌మన్‌గారే దానికీ ముందున్నారు.

ఈ పటాలు రహస్యమేమీ కాదు. ఇంటర్నెట్టులో ఎవరైనా చూడవచ్చు. మీ పిల్లల్ని అడిగితే ఫోనులో తీసి చూపిస్తారు. అమెరికాలో ఉన్నవాళ్ళు అక్టోబరు, నవంబరు నెలల్లో గాని, మళ్ళీ ఏప్రిల్, మే నెలల్లో గాని అటువైపు కారులో వెళుతున్నామని చెబితే, సాయంత్రం చీకటి పడేవేళా, తెల్లవారుజామునా నెమ్మదిగా నడపమని చెప్పండి. ఒక జింక రోడ్డు దాటితే అయిపోయిందనుకుని వేగం పెంచవద్దనండి. ముందు దాటింది తల్లి అయితే, పిల్ల వెనక ఉంటుంది.